ముల్లు మాట వెంటనే నమ్మకు

చిరంజీవి రవికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు కొన్న బండిలో పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు 60 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తోంది, బాగా వేడెక్కాక ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) 12కి దిగుతోంది, ఎప్పుడైనా ఉన్నట్టుండి సున్నాకి పడి మళ్ళీ లేస్తోంది అన్నావు. మొదటి రెండింటికీ టెన్షన్ పడకు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ప్రెషర్ ఎక్కువ, వేడికి పలచబడితే తక్కువ. 1000 ఆర్‌పీఎమ్‌కి (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 10 పీఎస్‌ఐ చొప్పున ఉంటే చాలన్నది పాత మెకానిక్‌ల లెక్క. నీ ఇంజిన్‌కి ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, చివరికి దాన్నే పట్టుకో.

ఆ సున్నా సంగతే చూడాలి. ఎప్పుడు పడుతోందో గమనించావా? గట్టిగా బ్రేక్ వేసినప్పుడో, మలుపు తిరిగినప్పుడో అయితే ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడు. ఆయిల్ తగ్గితే అది సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఒక పక్కకి ఒరిగి, పంపు గాలి పీలుస్తుంది. డిప్‌స్టిక్‌కి పెట్రోలు వాసన కొట్టినా, ఆయిల్ పాలు కలిసిన కాఫీలా కనిపించినా అది వేరే జబ్బు, బండి కదపకు. గతుకుల్లోనో, ఏ కారణమూ లేకుండానో ముల్లు గెంతుతుంటే వైరు, ఎర్తు లేదా సెండర్‌ని (ప్రెషర్ కొలిచి గేజ్‌కి చెప్పే సెన్సర్) అనుమానించు. అరిగిన బేరింగ్ ప్రెషర్‌ని మెల్లగా తగ్గిస్తుందే గానీ ఇలా ఆటలాడదు.

నేను ఇది తెలియకే ఒకసారి దెబ్బతిన్నాను. ఇంజిన్ పోయిందని ఒక మెకానిక్ అంటే నమ్మి, సంప్ విప్పించి కొత్త పంపు వేయించాను. ముల్లు మాత్రం మారలేదు. తీరా చూస్తే సెండర్ లోపల లీకై కనెక్టర్ నిండా ఆయిల్! విప్పి చూడటానికి రెండు నిమిషాలు పట్టేది. నువ్వు ఆ కనెక్టర్‌తోనే మొదలుపెట్టు.

డ్యాష్‌బోర్డు గేజ్‌లు కూడా అన్నీ ఒకటి కావు. 1990ల ఫోర్డ్ పికప్ ట్రక్కుల్లో చాలావాటికి అది పేరుకే గేజ్. లోపల ఉన్నది స్విచ్, కాస్త ప్రెషర్ ఉంటే చాలు ముల్లు మధ్యలో కూర్చుంటుంది. షెవర్లే 5.3 లీటర్ల ఇంజిన్లు కొన్నింటిలో సెన్సర్ కింద చిన్న జల్లెడ ఉంటుంది. అది మడ్డితో పూడుకుపోతే ప్రెషర్ బాగున్నా తక్కువ చూపిస్తుంది.

అందుకే సెండర్ తీసేసి, ఆ రంధ్రంలోనే మెకానికల్ గేజ్ (వైరు లేకుండా నేరుగా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేసేది) బిగించి చూడు. అరువు దొరికినా సరే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే కొలవాలి, చల్లగా ఉన్నప్పుడు ఎలాంటి ఇంజినైనా మంచిదానిలాగే కనిపిస్తుంది. దాంట్లోనూ తక్కువ వస్తే పికప్ ట్యూబ్ (సంప్ నుంచి పంపుకి ఆయిల్ తెచ్చే గొట్టం) ఓ-రింగ్, రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసేది), పంపు, బేరింగులు ఒక్కొక్కటీ చూద్దాం. ప్రెషర్ పెరుగుతుందని చిక్కటి ఆయిల్ మాత్రం పోయకు. అమ్మేవాళ్ళు జబ్బు దాచడానికి చేసే పని అది. నీకు అమ్మినవాడూ అదే చేశాడేమో, ఆయిల్ మార్చి చూస్తే తెలుస్తుంది.

ముల్లు పడినప్పుడు ఇంజిన్ లోంచి టకటకమని చప్పుడు గనక వస్తే ఆలోచించకు, పక్కకి తీసి అక్కడే ఆపెయ్. ఇంటిదాకా వెళ్దామనుకోకు, టోయింగ్ పిలిపించుకో.

వేడి మీద ఐడిల్‌లో ఎంత, 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఎంత వచ్చిందో రెండు అంకెలూ రాసి పంపు. అందాకా బండికి బరువు ఎక్కించకు.

మీ పెదనాన్న