టూ జపానీసెస్, వన్ పోలిష్

ప్రశ్న: మేష్టారికి నమస్కారాలు. మాది ఒడిశాలో పర్లాకిమిడండి, చంద్రగిరి వైపు ఒక లాడ్జిలో రిసెప్షన్లో చేస్తన్నాను. టిబెట్ వాళ్ళ జిరంగ్ బౌద్ధ మఠం చూడ్డానికి ఫారినోళ్ళు వస్తుంటారు కదా, మొన్న ఎవరెవరు దిగారో గ్రూపులో ఇంగ్లీషులో పెట్టమని ఓనరుగారంటే "టూ జపానీసెస్, వన్ డచ్, వన్ స్విస్, వన్ పోలిష్" అని పెట్టీసాను. బరంపురంలో చదువుతున్న ఆయన కొడుకు అది చూసి పోలిష్ దేనికి, బూట్లకా అని నవ్వే బొమ్మలు వరసగా ఆరు పెట్టాడు. టూ ఇండియన్స్ అంటే తప్పులేదు గానీ టూ జపానీసెస్ అంటే తప్పేటండీ?

జవాబు: ముందు ఒక మాట, నాలుగింట్లో స్విస్ మీరు కరెక్టుగానే రాశారు, ఒకరొచ్చినా పదిమందొచ్చినా స్విస్సే, ఆ అబ్బాయి అది మాత్రం చెప్పలేదు చూశారా. బూట్ల పాలిష్‌కీ పోలండు పోలిష్‌కీ స్పెల్లింగ్ ఒకటే, మొదటక్షరం పెద్దదా చిన్నదా అన్నదే తేడా, కాబట్టి దేశం మాట ఎప్పుడూ పెద్దక్షరంతోనే మొదలెట్టండి.

మనకి తెలుగులో ఈ గొడవే లేదు, ఏ దేశం పేరుకైనా వెనక ఆయన, ఆవిడ, వాళ్ళు అని తగిలిస్తే పనైపోతుంది. జపాను వాళ్ళిద్దరు, పోలండు ఆయనొకరు, అంతే. ఇంగ్లీషులో అలా కుదరదు, జపానీస్ కారు, పోలిష్ పాస్‌పోర్టు అనడానికి ఒక మాట, ఆ ఊరి మనిషిని అనడానికి ఒక మాట, ఒక్కోసారి రెండూ ఒకటే, ఒక్కోసారి కాదు. ఇండియన్, అమెరికన్, ఇలా "అన్"తో అయ్యేవి రెండు పనులూ చేస్తాయి, ఎస్ పెడితే బహువచనం. మీ చంద్రగిరిలో 1963 నుంచి ఉంటున్న వాళ్ళు టిబెటన్స్, ఒక్కరైతే ఎ టిబెటన్, ఏ పేచీ లేదు. పాకిస్తానీ, బంగ్లాదేశీ, ఇజ్రాయెలీ కూడా అంతే.

చిక్కల్లా "ఈస్"తో అయ్యేవాటితో. జపానీస్, చైనీస్, బర్మీస్, వీటికి ఎస్ పెట్టరు. ఎ జపానీస్ అని ఒక మనిషిని అనడం పాత పుస్తకాల్లో ఉంది గానీ ఇప్పుడు ఇంగ్లీషు వాళ్ళ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అన్నంలో రాయి తగిలినట్టు. టూ జపానీస్ గెస్ట్స్ అని రాస్తే గొడవే లేదు. అన్నట్టు మీరొక్కరే కాదు, ఇంగ్లీషు వాళ్ళే ఒకప్పుడు చైనీస్ చివర ఉన్నది బహువచనం ఎస్ అనుకుని దాన్ని తీసేసి ఒక్కడికి చైనీ అని వాడారు, నవ్వాలంటే ఆ అబ్బాయిని దానికి నవ్వమనండి.

డచ్, ఫ్రెంచ్, ఐరిష్, ఇంగ్లిష్ ఇంకో రకం. ది డచ్ అంటే ఆ దేశపు జనం మొత్తం, ఒక్క మనిషికి వన్ డచ్ కుదరదు. డచ్‌మన్ అనొచ్చు, మరి వచ్చింది ఆవిడైతే డచ్‌వుమన్ అనాలి, ఇంత తిప్పలెందుకు, డచ్ గెస్ట్ అనేయండి. పోలిష్ మనిషిని పోల్ అంటారు (కరెంటు స్తంభం గుర్తొస్తుంది, ఏం చేస్తాం), డెన్మార్కు మనిషి డేన్, స్వీడన్ మనిషి స్వీడ్, స్పెయిన్ మనిషి స్పానియార్డ్, టర్కీ మనిషి టర్క్. ఎ డానిష్ అన్నారంటే బేకరీలో దొరికే ఒక తీపి రొట్టె. ఆఫ్ఘనిస్తాన్ మనిషి ఆఫ్ఘన్, ఆఫ్ఘనీ అంటే వాళ్ళ రూపాయి, ఇది మాత్రం బాగా చదువుకున్నవాళ్ళు కూడా తప్పు రాస్తారు. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు, దేశం మాట పెట్టి పక్కన గెస్ట్ అనో టూరిస్ట్ అనో పెట్టండి, ఎప్పుడూ తప్పు రాదు.

ప్రశ్న: ఇంగ్లిష్‌మన్ అనొచ్చు, ఫ్రెంచ్‌మన్ అనొచ్చు, మరి చైనామన్ అంటే తప్పని మా రాయగడ కోచింగులో సారు కోప్పడ్డారు. క్రికెట్లో చిన్నప్పట్నుంచీ వింటన్నాం కదండీ?

జవాబు: విన్నాం, నేనూ రేడియోలో విన్నాను. ఎడంచేత్తో మణికట్టు తిప్పి వేసే స్పిన్నుకి ఆ పేరు, దాని వెనక ఒక కథ చెప్తారు, 1933లో మాంచెస్టర్ టెస్టులో వెస్టిండీస్ తరఫున ఆడిన ఎలిస్ అచాంగ్ చైనా మూలాలున్నవాడు, అతని బంతికి అవుటైన ఇంగ్లండు బ్యాట్స్‌మన్ వెళ్తూ వెళ్తూ ఒక చైనామన్‌ చేతిలో అవుటయ్యానే అని విసుక్కున్నాడట. ఆ విసుగులోనే ఉంది మీ ప్రశ్నకి సమాధానం. మాట కట్టడం చూస్తే ఇంగ్లిష్‌మన్ లాంటిదే, కానీ కాలిఫోర్నియా బంగారు గనుల్లో పని చెయ్యడానికి వచ్చిన చైనా కూలీలని వెక్కిరించడానికి, తరమడానికి వాడీ వాడీ ఆ మాట పాడైపోయింది, 1882లో అమెరికా చైనా కూలీలు రాకూడదని చట్టమే చేసింది. విజ్డెన్ అనే క్రికెట్ పుస్తకం వాళ్ళు 2018లో ఆ పేరు వదిలేశారు. జపాను వాళ్ళని జాప్ అనడమూ అంతే, లండన్లో పాకిస్తానీలని పాకీ అనడం ఇంకా ఘోరం, పొట్టిగా ఉందని వాడితే తన్నులు తింటారు.

మనకిది కొత్తేం కాదు కదా. నేను బరంపురంలో చదువుకునేటప్పుడు పక్క బెంచీ వాడు నన్ను "తెలంగా" అనేవాడు. ఒడియాలో అది మన పేరే, వాడు నవ్వుతూ నోట్సు అడిగేటప్పుడు అదే మాట, కబడ్డీలో ఓడిపోయాక పళ్ళు బిగించి అన్నప్పుడూ అదే మాట, రెండోసారి మాత్రం నాకు చెవులు కాలేవి. నేనూ తక్కువ తిన్లేదు, "ఒడ్డోడా" అని తిరిగి అనేవాణ్ణి, ఇద్దరికీ మేష్టారు చేతుల మీద చెరి రెండు వేసేవారు.

ప్రశ్న: ఒరియా అనాలా ఒడియా అనాలా, మనల్ని ఇంగ్లీషులో తెలుగూస్ అనొచ్చా? (గుణుపురం నుంచి)

జవాబు: 2011లో రాష్ట్రం పేరుతో పాటు భాష పేరూ మారింది, ఇప్పుడు ఒడియా, జనాన్ని ఒడియాస్ అనొచ్చు. తెలుగూస్ పేపర్లలో కనిపిస్తూనే ఉంటుంది, తప్పు కాదు, నాకైతే తెలుగు పీపుల్ అంటేనే బావుంటుంది. పూర్వం తెల్లవాళ్ళు మన భాషని గెంటూ అనేవారు, గోపాలపురంలోనో కాకినాడలోనో ఓడెక్కి రంగం (అంటే రంగూన్) పోయిన మనవాళ్ళని బర్మాలో కొరంగీ రేవు పేరు పెట్టి కొరంగీలనేవారు, కొరంగి ఎక్కడుందో చూడని గంజాం వాడు కూడా అక్కడ కొరంగీయే.