డెక్కు బాగుచేయమని పడవ ఇస్తే లోపలి చెక్క కుళ్ళింది... బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా చెక్క పడవ డెక్కు పాతబడి కారుతుంటే పలకలు మార్చమని ఒక యార్డుకు అప్పగించాను. రాతలో ఉన్నది ఒక్క కొటేషనే. అందులో 'డెక్కు పలకల మార్పు' అని తప్ప ఇంకేమీ లేదు. పలకలు ఊడదీశాక పని ఆగిపోయింది. పైన టార్పాలిన్ బిగించి కట్టి వానాకాలమంతా అలాగే వదిలేశారు. ఇప్పుడు చూస్తే డెక్కు కింది దూలాల చివర్లు, క్యాబిన్‌లోని చెక్క మెత్తబడి కుళ్ళిపోయాయి. అడిగితే 'మా పని డెక్కు వరకే, లోపలి చెక్క ముందునుంచీ అంతే' అంటున్నారు. మిగతా డబ్బు కట్టేదాకా పడవ కూడా ఇవ్వరట. నేనేం చేయాలి?

జవాబు: 'మా పని డెక్కు వరకే' అన్న మాట వాళ్ళు ఎంత పనికి కూలి తీసుకోవాలో చెబుతుంది, అంతే. మీరు వాళ్ళ చేతిలో పెట్టింది డెక్కు ఒక్కటే కాదు, మొత్తం పడవ. పని కోసం వస్తువును అప్పగించి, అది అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటును భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 148వ సెక్షన్ బెయిల్‌మెంట్ అంటుంది. అలా తీసుకున్నవారు, అలాంటి సొంత వస్తువు విషయంలో మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్త పడాలని 151వ సెక్షన్ చెబుతోంది. కొటేషన్‌లో రాయలేదని ఈ బాధ్యత తప్పదు.

మీ పడవ యార్డులోనే ఉంది కాబట్టి ఈ సెక్షన్లు నేరుగా వర్తిస్తాయి. అదే పడవ మీ రేవులోనే ఉండి, వడ్రంగులు వచ్చి పని చేసి వెళ్ళిపోతుంటే అది బెయిల్‌మెంట్ అని నిరూపించడం కష్టం. అప్పుడు నిర్లక్ష్యం కింద వాదించుకోవాలి.

'టార్పాలిన్ కప్పాం కదా, ఇంకేం చేయాలి?' అని వాళ్ళు తప్పకుండా అంటారు. ఇక్కడ కాస్త చెక్క సంగతి తెలియాలి. ఉప్పునీటికన్నా వాననీరే చెక్కకు ఎక్కువ చేటు చేస్తుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళబెట్టే శిలీంధ్రం పెరగదు. తేమ చాలా పెరిగి, గాలి ఆడక అక్కడే నిలిచిపోతే దానికి పండగే. బిగించి కట్టిన టార్పాలిన్ వానను ఆపినా లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. ఆ ఆవిరి పట్టా అడుగున చుక్కలుగా చేరి మళ్ళీ దూలాల మీదే పడుతుంది. అందుకే పట్టాను చెక్కకు ఆనకుండా కప్పులా ఎత్తి కట్టి రెండు చివరలూ తెరిచి ఉంచాలి. హాచ్‌లు (డెక్కు మీది మూత ద్వారాలు), లోపలి నేల పలకలు తీసి గాలి ఆడనివ్వాలి, అడుగున చేరిన నీటిని తోడేయాలి. ఒకేసారి డెక్కంతా ఊడదీయకుండా, మూయగలిగినంత మేరే విప్పాలి. సొంత పడవైతే ఎవరైనా ఇంత చేస్తారు. మీ నోటీసులో ఇవన్నీ ఒక్కొక్కటిగా రాయించండి. 'నిర్లక్ష్యం చేశారు' అన్న ఒక్క ముక్కతో కోర్టులో పని జరగదు.

ఇక అసలు పోరాటం 'ముందునుంచీ అంతే' అన్న మాట మీద. పడవ అప్పగించినప్పుడు లోపలి చెక్క గట్టిగా ఉందని మీరు చూపించగలిగితే, తర్వాత తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సిన భారం వాళ్ళ మీద పడుతుంది. పాత ఫొటోలు, వీడియోలు, పాత సర్వే రిపోర్టు, పలకలు విప్పిన రోజు వాళ్ళే పంపిన వాట్సాప్ చిత్రాలు వెతకండి. ఫోన్‌లోని అసలు ఫైళ్ళు చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం, కోర్టులో పెట్టేటప్పుడు అవి ఏ ఫోన్ నుంచి ఎలా తీసినవో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి.

ఇక్కడో ఇరకాటం ఉంది. కుళ్ళిన చెక్కను వెంటనే తీసేస్తే సాక్ష్యం పోతుంది. అలాగే వదిలేస్తే కుళ్ళు పక్క చెక్కకు పాకుతుంది, అప్పుడు కాంట్రాక్టు చట్టంలోని 73వ సెక్షన్ మీకే ఎదురు తిరుగుతుంది. ఎందుకంటే నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకునే దారులు మీకు ఏమున్నాయో కూడా కోర్టు చూస్తుంది. అందుకని ముందు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఒక తేదీ చెప్పి ఇరుపక్షాల సమక్షంలో తనిఖీకి పిలవండి, ఈలోగా పట్టా విప్పి లోపల ఆరనివ్వమని అందులోనే కోరండి. ఆరబెట్టడం వల్ల సాక్ష్యానికి ఏమీ కాదు. తనిఖీకి మెరైన్ సర్వేయర్‌ను, అంటే పడవలను పరీక్షించి రిపోర్టు ఇచ్చే నిపుణుణ్ణి తీసుకెళ్ళండి. స్క్రూడ్రైవర్ మొన దూలంలోకి ఎంత లోతు దిగిందో, తేమ మీటరు ఎక్కడ ఎంత చూపిందో ఆయన రిపోర్టులో ఉండాలి. సెక్షన్లు నేను చెప్పగలను గానీ, కుళ్ళు పాతదో కొత్తదో తేల్చాల్సింది ఆయనే. తర్వాత కోసి తీసిన ముక్కల మీద ఎక్కడివో రాసి దాచండి. వాళ్ళు లోపలికి రానివ్వకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద, అక్కడికి వెళ్ళి చూసి రిపోర్టు ఇచ్చే కమిషనర్‌ను వేయమని కోర్టును అడగవచ్చు.

పరిహారం విషయంలో ఆశ కాస్త అదుపులో ఉంచుకోండి. పాత చెక్క స్థానంలో వచ్చేది కొత్త చెక్క కాబట్టి కోర్టు కొంత తగ్గించవచ్చు. బీమా మీద కూడా పెద్దగా ఆశ వద్దు. మెల్లమెల్లగా జరిగే పాడును చాలా పాలసీలు మినహాయిస్తాయి.

పడవ మీ సొంత వాడకానికో, మీరే నడుపుకుంటూ జీవనం సాగించడానికో అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, గడువు రెండేళ్ళు. జీతగాళ్ళతో నడిపే వ్యాపారమైతే సివిల్ కోర్టే, గడువు మూడేళ్ళు.

పడవను పట్టి ఉంచడం గురించి: శ్రమ, నైపుణ్యం పెట్టి చేసిన పనికి రావాల్సిన కూలి అందేదాకా వస్తువును ఉంచుకునే హక్కును కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ఇస్తోంది. అది ఆ పని కూలి వరకే. ఒప్పందంలో లేని యార్డు అద్దెకో, పాత బాకీకో పడవను ఆపుకోవడానికి ఆ సెక్షన్ పనికిరాదు. రోజులు గడిచేకొద్దీ కుళ్ళు పెరిగే వస్తువు కాబట్టి, నా సలహా ఏమిటంటే చేసిన పని మేరకు డబ్బు 'నా అభ్యంతరాలకు లోబడి' అని రాసి బ్యాంకు ద్వారా కట్టి, పడవను బయటికి తెచ్చుకోండి. డెలివరీ కాగితం మీద 'పని సంతృప్తికరం' అని ఉంటే కొట్టేసి, పాడైన భాగాల పేర్లు రాసి, తేదీ వేసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.