సైట్, క్వాలిటీ, బిల్లింగ్: కొత్త సివిల్ ఇంజనీర్ మొదట ఎందులో చేరాలి?

బీటెక్ సివిల్ ఈ ఏడాదే పూర్తయిందని, సైట్ ఇంజనీర్, క్వాలిటీ, బిల్లింగ్ మూడింటిలోనూ అవకాశం ఉందని రాశారు. ఏది తీసుకోవాలి, చేరేలోపు ఏం నేర్చుకోవాలి అని అడిగారు. నేనైతే సైట్ అంటాను. హైదరాబాద్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుల్లో ముందు సైట్‌లో, తర్వాత బిల్లింగ్‌లో పనిచేశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

డ్రాయింగ్‌లో ఉన్నట్టు పని చేయించడం సైట్ ఇంజనీర్ బాధ్యత. అది సరిగ్గా జరిగిందా, మెటీరియల్ బాగుందా అని పరీక్షించి సంతకం పెట్టేది క్వాలిటీ వాళ్లు. జరిగిన పనిని కొలిచి ఆర్‌ఏ బిల్లు (పని సాగుతుండగా ఎప్పటికప్పుడు పెట్టే రన్నింగ్ అకౌంట్ బిల్లు) తయారుచేసేది బిల్లింగ్ వాళ్లు. చిన్న కంపెనీల్లో ఈ మూడూ ఒక్కరి నెత్తినే పడతాయి. ఏ పేరుతో చేరినా ముందుగా రావాల్సింది ఒకటే: కాంక్రీట్ పడకముందే కట్టిన స్టీలు చూసి, అందులో ఏం తక్కువైందో చెప్పగలగడం. కాంక్రీట్ పడ్డాక అది ఎవరికీ కనబడదు.

స్లాబ్ వేసే ముందు రోజు సాయంత్రం ఏం చూస్తామో చెబుతాను. రాడ్ల సైజు, వాటి మధ్య దూరం టేపు పెట్టి కొలవాలి, కంటి అంచనా పనికిరాదు. రాడ్డుకు, కాంక్రీట్ బయటి అంచుకు మధ్య ఉండాల్సిన మందమే కవర్; అది నిలిపే కవర్ బ్లాకులు ఉన్నాయా, నలిగిపోయాయా చూడాలి. మామూలుగా డ్రాయింగ్‌లో స్లాబ్‌కు 20 ఎంఎం, కాలమ్‌కు 40, పునాదికి 50 కవర్ ఇస్తారు. కాలమ్ రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంగి ఉండాలి. 90 డిగ్రీలకే వదిలేస్తే, భూకంపంలో పైకవర్ రాలిపోగానే రింగు విచ్చుకుంటుంది. భూకంపాలను తట్టుకునేలా స్టీలు ఎలా కట్టాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 ఇది గట్టిగా చెబుతుంది. ఐఎస్ 1893:2016లోని భూకంప జోన్ల మ్యాప్ ప్రకారం విజయవాడ జోన్ 3లో ఉంది కాబట్టి అక్కడ చేరేవాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

అన్నిటికన్నా నాకు భయం బాల్కనీ. అది కాంటిలీవర్, అంటే ఒకవైపే ఆధారం ఉండి బయటికి చొచ్చుకొచ్చే స్లాబ్, కాబట్టి మెయిన్ రాడ్లు పైన ఉండాలి. కింద చైర్లు (పై రాడ్లను ఎత్తి పట్టే వంచిన స్టీలు ముక్కలు) సరిపడా పెట్టకపోతే, కాంక్రీట్ వేసేవాళ్లు తొక్కుతుంటే ఆ రాడ్లు కిందికి దిగిపోతాయి. స్లాబ్ పైకి నున్నగా, చక్కగానే ఉంటుంది. సపోర్టులు తీసిన రోజు గానీ అసలు సంగతి బయటపడదు. అందుకే కాంక్రీట్ పడుతున్నంతసేపూ నేను బాల్కనీ దగ్గరే నిలబడేవాణ్ణి. మిగతా చోటు ఇంకొకరికి అప్పగించినా పర్వాలేదు, అది మాత్రం కాదు.

ఇక ఆర్‌ఎంసీ (ప్లాంటులో కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీట్) బండి వచ్చాక ముందు బ్యాచ్ స్లిప్ చూడండి. గ్రేడు, లోడ్ చేసిన టైము అందులో ఉంటాయి. రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రసాయనం) కలపని కాంక్రీట్‌ను రెడీమిక్స్ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం లోడ్ చేసిన 2 గంటల్లోపు దించేయాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని మిక్స్ గట్టిపడితే డ్రైవరో, పంపు ఆపరేటరో నీళ్ల పైపు పెట్టబోతారు. పెట్టనివ్వకండి. నీళ్లు పెరిగితే బలం తగ్గుతుంది. స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చూసే పరీక్ష) తీయించి ప్లాంటు క్వాలిటీ మనిషికి ఫోన్ చేయండి. అడ్మిక్చర్ (నీళ్లు పెంచకుండా మిక్స్‌ను జారుగా చేసే రసాయనం) వేయాలా, బండి వెనక్కి పంపాలా అన్నది మీ సీనియర్ తేలుస్తారు. బలం పరీక్షకు పంపే కాంక్రీట్ క్యూబులు మీరే దగ్గరుండి పోయించండి. 150 ఎంఎం క్యూబు ఎం25కి (చదరపు ఎంఎంకు 25 న్యూటన్ల బలం ఉండాల్సిన గ్రేడు) 28 రోజుల్లో సుమారు 562 కిలోన్యూటన్లు మోయాలి. ఈ లెక్క మీ అంతట మీరు వేయగలిగితే ల్యాబ్ రిపోర్ట్ చూసి కంగారుపడరు.

కొత్తవాళ్లకు అసలు టెన్షన్ మేస్త్రీకి ఎదురు చెప్పడం. ఆయన మీరు పుట్టకముందు నుంచీ ఈ పనిలో ఉన్నారు, గౌరవం ఇవ్వాల్సిందే. కానీ గౌరవం వేరు, వదిలేయడం వేరు. "మేస్త్రీగారూ, డ్రాయింగ్‌లో 150 ఉంది, ఇక్కడ టేపు 180 చూపిస్తోంది, ఒకసారి మీరూ చూడండి" అంటే చాలాసార్లు గొడవే ఉండదు. అప్పటికీ సరిచేయకపోతే గ్రిడ్ నంబరుతో (డ్రాయింగ్‌లో ఆ చోటును గుర్తించే నంబరు) ఫొటో తీసి సీనియర్‌కు పంపండి. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు.

ఇదంతా చేశాక బిల్లింగ్‌కు వెళ్తే పని సగం వచ్చేసినట్టే. బీబీఎస్‌లో (ఏ రాడ్ ఎంత పొడవు, ఎన్ని కావాలో రాసే పట్టిక) రాడ్ బరువుకు వాడే డీ స్క్వేర్ బై 162 అందరూ బట్టీ పడతారు; డీ అంటే ఎంఎంలలో రాడ్ సైజు. 12 ఎంఎంకు మీటరుకు 0.889 కిలోలు అని చెప్పేస్తారు కూడా. కానీ ల్యాప్ (రెండు రాడ్లను ఒకదానిపై ఒకటి పెట్టి కలిపే చోటు) ఎక్కడ పడుతుందో, వేస్టేజ్ ఎందుకు పెరుగుతుందో సైట్ చూసినవాళ్లకే అర్థమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) అయినా ఇంతే, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకం) కొలతలు రాసేది మీరే.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆటోక్యాడ్ డ్రాయింగ్ తెరిచి చదవడం, ఎక్సెల్ బాగా రావడం ఇప్పటికి చాలు. చేరేలోపు ఖాళీ దొరికితే కాంక్రీట్ పనుల ప్రమాణం ఐఎస్ 456లో కవర్, క్యూరింగ్, సెంట్రింగ్ ఎప్పుడు తీయాలి అన్న భాగాలు చదవండి. ప్రైమవేరా (ప్రాజెక్టు షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్) కోర్సుకు డబ్బు కట్టడం రెండేళ్ల తర్వాత చూసుకోవచ్చు.

ఒక్క షరతు. ఇంటర్వ్యూలోనే అడగండి: నా సీనియర్ ఎవరు, ఆయన రోజూ సైట్‌లోనే ఉంటారా, పోర్ కార్డు (కాంక్రీట్ వేయడానికి అనుమతిచ్చే చెక్‌లిస్ట్) మీద సంతకం ఎవరిది? సీనియర్ వారానికోసారి వస్తారు, సంతకం మీరే పెట్టాలి అంటే ఆ సైట్ ఉద్యోగం వద్దు. అలాంటప్పుడు నేర్పించే మనిషి ఉన్న చోట క్వాలిటీలో చేరండి, జీతం రెండు మూడు వేలు తక్కువైనా సరే.