చికాగోలో 'మంచి ఏరియా' ఖరీదెంత?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. ఉద్యోగం మీద చికాగో వెళ్తున్నాం, ఆఫీసు డౌన్‌టౌన్‌లో. బాబుకి ఐదేళ్ళు. మనవాళ్ళంతా శివారులో ఉన్న నేపర్‌విల్‌లోనే ఇల్లు తీసుకోమంటున్నారు. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే సౌత్ సైడ్ పేరెత్తితే భయపెడుతున్నారు. అద్దెలు చూస్తే టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, టెన్షన్ పడాల్సింది అద్దె గురించే. మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. విజయవాడ నుంచి దిగిన కొత్తలో నేనూ మనవాళ్ళ మాట పట్టుకుని, చుట్టుపక్కల ఏముందో చూడకుండానే, శివారులో ఏడాది లీజు మీద సంతకం పెట్టేశాను. అక్కడ కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేమని తర్వాత తెలిసింది. అప్పు చేసి పాత కారు కొన్నాను. కొత్తవాడికి క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు తీర్చిన రికార్డు ఉండదు కదా, అందుకే ఇన్సూరెన్సు ఖర్చు వాచిపోయింది. దానికి తోడు రైలు పాసు. "జీతం ఇంకా పడలేదు నాన్నా" అని పటమటకి ఫోన్ చేసి అబద్ధాలు చెప్పేవాణ్ణి. ఆ లీజు అయ్యేదాకా ఆఫీసు క్యాంటీన్ గడప తొక్కలేదు.

మా ఆఫీసులో నల్లజాతి ఆయన ఒకరు సౌత్ సైడ్‌లో ఛాథమ్ అనే పేటలో ఉండేవారు. ఒకసారి భోజనానికి పిలిస్తే పర్సు ఇంట్లో పెట్టి మరీ వెళ్ళాను, మనవాళ్ళు అంతగా బెదిరించారు! తీరా చూస్తే ఇటుక ఇళ్ళు, శుభ్రంగా కత్తిరించిన పచ్చిక, టీచర్లు, పోస్టాఫీసు ఉద్యోగులు. సౌత్ సైడ్ అంతా అలాగే ఉంటుందనను, బాగా దెబ్బతిన్న పేటలూ ఉన్నాయి. కానీ అలాంటి ఇల్లే తెల్లవాళ్ళ పేటలో అయితే ఎంతో ఎక్కువ పలుకుతుందని ఆయన అన్నారు.

ఎందుకని అడిగితే పాత కథంతా చెప్పారు. 1930ల్లో హెచ్‌ఓఎల్‌సీ అనే ప్రభుత్వ సంస్థ నగరాల పటాలకి నాలుగు రంగులు వేసింది. పచ్చ రంగు పేటకి అప్పిస్తే భద్రం, ఎరుపు పేటకి ఇస్తే ప్రమాదం. నల్లవాళ్ళున్న చోట్లు దాదాపు అన్నీ ఎరుపే. 1934లో పెట్టిన ఎఫ్‌హెచ్‌ఏ అనే ఇంకో ప్రభుత్వ సంస్థ కూడా అలాంటి పేటల్లో ఇంటి అప్పులకి హామీ ఇవ్వడానికి వెనకాడింది. అప్పే పుట్టకపోతే ఇల్లెక్కడిది, పిల్లలకి రాసివ్వడానికి ఆస్తెక్కడిది? నల్లవాళ్ళకి అమ్మకూడదని ఇళ్ళ దస్తావేజుల్లోనే రాసుకునేవారు. ఆ షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. 1966లో ఈ ఇళ్ళ గొడవ మీదే మార్టిన్ లూథర్ కింగ్ చికాగోలో ఊరేగింపు తీస్తే రాళ్ళు విసిరారు, ఒకటి ఆయనకే తగిలింది. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్ష చూపకూడదని 1968లో చట్టం వచ్చింది. వివరాలు మీరే చూసుకోండి, మీ తరానికి అన్నీ ఫోన్లోనే ఉంటాయి. "అక్కడ ఎలాంటివాళ్ళుంటారో తెలుసా" అని ఏజెంటు మొదలుపెడితే మాత్రం ఏజెంటుని మార్చండి.

మనమేం తక్కువ కాదనుకోండి. గుంటూరులో పోర్షన్ అడిగితే అద్దె చెప్పేముందు "మీరేమిట్లు?" అంటారు. విజయవాడలో డబ్బు లేనివాళ్ళకి దొరికేది పల్లపు స్థలమే, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఏమైందో చూశాం.

చికాగోలో ఇప్పుడు మనుషుల్ని పేటలుగా విడదీసే పని ఎక్కువగా డబ్బే చేస్తోంది. ఇల్లినాయ్‌లో స్కూళ్ళకి డబ్బు చాలావరకు ఆ చుట్టుపక్కల ఇంటి పన్నుల నుంచే వస్తుంది. ఇళ్ళు ఖరీదైన చోట స్కూళ్ళకి డబ్బెక్కువ, స్కూళ్ళు బాగుంటే ఇళ్ళ ధరలు ఇంకా పెరుగుతాయి. మీరు కట్టే అద్దెలో అదీ కలిసే ఉంటుంది. బాబున్నాడు కాబట్టి చివరికి మీరూ అటే చేరతారు. ఇంత చెప్పిన నేనుండేదీ నేపర్‌విల్‌లోనే, ఇంటి అప్పు కూడా తీర్చేశాను. కాకపోతే అక్కడికి చేతిలో నాలుగు డబ్బులు పెట్టుకుని వెళ్ళాను.

గుడి అంటారా, ఆరోరాలో బాలాజీ గుడి ఉంది. దాని పక్కనే కాపురం పెట్టక్కర్లేదు.

ముందు కొద్ది నెలల లీజు తీసుకోండి. డౌన్‌టౌన్ నుంచి వెళ్ళే రైలు మార్గంలో నేపర్‌విల్‌కి ముందే లైల్, వెస్ట్‌మాంట్ అనే ఊళ్ళు వస్తాయి, అవీ చూడండి. సంతకానికి ముందు అద్దె, కారు, ఇన్సూరెన్సు, రైలు పాసు ఒక్క కాగితం మీద కూడండి, డాలర్లలోనే. రూపాయల్లోకి మారిస్తే ఏ ఇల్లూ నచ్చదు.