భర్తకు ఆటోమేటిక్ రిప్లై పెట్టవచ్చా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మావారు నాలుగేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. ఎనిమిది నెలల క్రితం నేను భీమవరం వైపున్న ఒక రొయ్యల ప్లాంటులో పనికి చేరాను. లోపలికి ఫోన్ తీసుకువెళ్లనివ్వరు, లాకరులో పెట్టి వెళ్లాలి. సాయంత్రం బయటికి వచ్చేసరికి ‘ఎక్కడున్నావు’, ‘ఎందుకు పలకవు’ అంటూ మావారి మెసేజీలు పదీ పదిహేను ఉంటాయి. కంపెనీ బస్సులో ఇంటికి చేరేదాకా వాటికి జవాబులు రాయడమే నా పని. రెండో తరగతి చదివే మా బాబును అత్తగారే చూసుకుంటారు. ‘కోడలు ఇంకా రాలేదు’ అని ఆవిడ ఫోనులో చెప్పినప్పుడల్లా రాత్రి మా ఇద్దరికీ గొడవే. ఉద్యోగం సంగతి మొదట నేను ఆవిడ చేతనే ఆయనకు చెప్పించాను. పనిలో ఉన్నప్పుడు దానంతట అదే జవాబు వెళ్లేలా వాట్సాప్‌లో పెట్టుకోవాలనుకుంటున్నాను. ఆయనకు కోపం రాకుండా అందులో ఏమని రాయాలి? అత్తగారిని ఎలా మార్చుకోవాలి?

జవాబు: ముందు ఫోను సంగతి తేల్చేద్దాం, అది చిన్నది కనుక. మామూలు వాట్సాప్‌లో మీరు అడిగిన సదుపాయం లేదు. వ్యాపారుల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో ‘అవే మెసేజ్’ పేరుతో ఉంది. ఏ వేళల్లో వెళ్లాలో, ఎవరెవరికి వెళ్లాలో అందులో ఎంచుకోవచ్చు. కానీ మీ ఫోను ఆన్‌లో ఉండి, దానికి నెట్ అందుతూ ఉంటేనే ఆ జవాబు వెళ్తుంది. లాకరులో సిగ్నల్ అందని రోజునో, డేటా అయిపోయిన రోజునో వెళ్లదు. అప్పుడు ‘నిన్న వచ్చిన జవాబు ఇవాళ ఎందుకు రాలేదు’ అనే కొత్త పేచీ మొదలవుతుంది. పోనీ ఇలాంటి జవాబుల కోసమే దొరికే వేరే యాప్‌ల సంగతి చూద్దామా అంటే, వాటిలో చాలావాటికి మీ ఫోనుకు వచ్చే నోటిఫికేషన్లన్నీ చదివే అనుమతి ఇవ్వాలి. మీ ఆయన రాసే మాటలతోపాటు బ్యాంకు ఓటీపీ కూడా వాటి కంటపడే అవకాశం ఉంది. ఆ జోలికి పోవద్దు. ఇక ఏ మాటలు రాయాలన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ‘ఎక్కడున్నావు’ అని రోజుకు పదిసార్లు అడిగే మనిషికి యంత్రం పంపే మాట ఎంత మర్యాదగా ఉన్నా తృప్తినివ్వదు.

అత్తగారిని ఎలా మార్చుకోవాలన్న ప్రశ్నను కూడా పక్కన పెట్టండి, ఆవిడలో మార్చవలసినదేమీ నాకు కనిపించలేదు. మనవడికి అన్నం పెట్టి, బడికి పంపి, మీరు నిశ్చింతగా బస్సెక్కేలా చూస్తున్నది ఆవిడే. కొడుకు ‘వచ్చిందా’ అని అడిగితే, రాని కోడలిని వచ్చిందని ఆ పెద్దావిడ ఎందుకు చెప్పాలి? అడిగినదానికి ఉన్నమాట చెప్పడాన్ని మీరు చాడీగా లెక్క కట్టారు. (ఇలాంటి ఉత్తరాల్లో అత్తగారి మీద నెపం పెట్టడం సులువు, చదివేవారు కూడా వెంటనే ఒప్పుకుంటారు.)

నన్ను ఆపింది మీ ఉత్తరంలో మీరు దాటవేసినట్టుగా రాసిన ఒక్క వాక్యం. ఉద్యోగం సంగతి భర్తకు అత్తగారి చేత చెప్పించారు. ఆయన ఒప్పుకున్నారా, మౌనంగా ఊరుకున్నారా, అసలు ఏమన్నారు, మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. ఏజెంటుకు కట్టిన సొమ్ముకూ, ఇంటి అప్పుకూ తన జీతమే ఆధారమనుకుంటూ ఇన్నేళ్లు పరాయి దేశంలో పరాయి వాళ్ల కారు నడిపిన మనిషికి, భార్య పనికి వెళ్తోందన్న కబురు తల్లి నోట వింటే ఏమనిపిస్తుందో ఆలోచించారా? నా సంపాదన చాలలేదా అనిపిస్తుంది, నన్ను అడగనైనా అడగలేదే అనిపిస్తుంది. ఆ మాట అనడానికి అభిమానం అడ్డువచ్చి ‘ఎక్కడున్నావు’ అని అడుగుతున్నారని నా అనుమానం. మీ ఇద్దరి మధ్య ఎనిమిది నెలల క్రితం జరగవలసిన సంభాషణ ఇప్పటికీ జరగలేదు. గండి పడిన గట్టు మీద బోర్డు పాతితే నీళ్లు ఆగవు.

ఇంత చెప్పానని ఆయన చేస్తున్నది సరైనదని మాత్రం అనుకోవద్దు. కష్టపడి పనిచేసే భార్య గంటగంటకూ హాజరు వేయించుకోవలసిన అవసరం లేదు, అలా అడిగే హక్కు దూరదేశంలో ఉన్నంత మాత్రాన ఎవరికీ రాదు. కారు నడుపుతున్నప్పుడు ఆయన మాత్రం మీ మెసేజీకి జవాబు ఇస్తున్నారా? ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. దాని గురించి మీరు ఎన్నడైనా నిలదీశారా? చేతికి గ్లవుజులు వేసుకుని, ఐసులో ఉన్న రొయ్యల తలలు తీస్తూ నిలబడే పనికి కూడా ఆ మాత్రం గౌరవం ఉండాలి. బస్సులో కూర్చుని ఒక్కొక్క మెసేజీకి సంజాయిషీ రాసే అలవాటును ఈ రోజే మానండి. తప్పు చేసినవారే అలా వరుసగా జవాబులు చెప్పుకుంటారు, మీరు ఏ తప్పూ చేయలేదు. ‘పని అయింది, బస్సెక్కాను’ అన్న ఒక్క మాట చాలు.

అవసరానికి మీరు అందుబాటులో ఉండాలన్నది నిజమే, అయితే ఆ అవసరం కువైట్ నుంచి రాదు. బాబుకు జ్వరం వచ్చినా, అత్తగారు కాలుజారి పడినా కబురు రావలసింది ఇంటి నుంచీ బడి నుంచీ. కాబట్టి ప్లాంటు ఆఫీసు నంబరు, మీ సూపర్‌వైజరు నంబరు అడిగి తీసుకుని, వారి అనుమతితో పెద్ద అక్షరాలతో రాసి అత్తగారి మంచం దగ్గర గోడకు అంటించండి, బాబు టీచరుకు కూడా ఇవ్వండి. ఆ నంబర్లు ఆయన దగ్గర కూడా ఉంచండి. ఫోనులో పెట్టే ఏ జవాబూ చేయలేని పని ఇది: నిజంగా మీరు కావలసి వచ్చినప్పుడు మిమ్మల్ని లోపలినుంచి పిలిపిస్తుంది.

మిగిలినది ఆయనతో మాట్లాడటం. మెసేజీలో కుదరదు, గొంతు వినిపించాలి, అత్తగారు పక్కన ఉండకూడదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, ఆయన తెల్లవారి ఆరింటికి లేచి మెసేజీ పెట్టేసరికి ఇక్కడ ఎనిమిదిన్నర. అప్పటికి మీ ఫోను లాకరులోకి వెళ్లిపోయి ఉండవచ్చు. ఇంత చిన్న లెక్క కూడా మీరిద్దరూ కలిసి వేసుకున్నట్టు లేదు. పనికి ఎందుకు చేరారో, జీతం ఎంతో, అది ఏ అప్పుకు ఎంత వెళ్తోందో, షిఫ్టు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అన్నీ చెప్పండి. ముందుగా అడగకపోవడం తన మనసుకు కష్టం కలిగించిందా అని మీరే అడగండి. అడిగాక ఆయన చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. ఉద్యోగం మానమంటే వెంటనే తలూపవద్దు, వెంటనే ఎదురు చెప్పవద్దు. అప్పు లెక్కలు ముందు పెట్టుకుని ఇద్దరూ తేల్చుకోవలసిన విషయమది. గల్ఫులో చాలామందికి వారపు సెలవు శుక్రవారమే. మీ ఆయనకూ అదే అయితే, ఆ రోజు మీకు షిఫ్టు ఉందేమో చూసుకుని, ఉంటే ముందే సెలవు అడగండి.