నీ ఖాతా నీదేనని చూపించుకోవడం గురించి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ పేరుతో, నీ ఫొటోతో ఎవరో మరో ఖాతా తెరిచి నీ స్నేహితులను డబ్బు అడుగుతున్నారని చదివి చాలా బాధపడ్డాను. కొన్నేళ్ల కిందట నాకూ ఇలాగే జరిగింది. అప్పుడు నేను కంగారులో చేసిన పెద్ద తప్పు, నేనే అసలు మనిషినని నమ్మించడానికి గుర్తింపు కార్డు ఫొటోను నా ప్రొఫైల్‌లోనే పెట్టడం. ఆ మోసగాడు దాన్ని కూడా తీసుకుని తన ఖాతాలో పెట్టుకున్నాడు. నువ్వు ఆ పని మాత్రం చేయవద్దు.

డబ్బు కట్టి బ్లూ టిక్, అంటే ఖాతా పేరు పక్కన కనిపించే నీలి గుర్తు, తీసుకుంటే సరిపోతుందా అని అడిగావు. ట్విట్టర్ 2009లో ఆ గుర్తును మొదలుపెట్టినప్పుడు, ఖాతా ఆ పేరుగల వ్యక్తిదేనని సంస్థ పరిశీలించిందని దాని అర్థం. 2022 నవంబరులో నెలకు 8 డాలర్లు కట్టినవారికి అదే గుర్తు ఇవ్వడం మొదలుపెట్టగానే, ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఎవరో ఖాతా తెరిచి ఇన్సులిన్ ఇక ఉచితమని ప్రకటించారు, అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా 2023లో తెచ్చిన చెల్లింపు పద్ధతిలో ప్రభుత్వ గుర్తింపు కార్డును అడుగుతారు కాబట్టి దానికి కొంత విలువ ఉంది. అయితే కార్డులోని పేరూ ప్రొఫైల్‌లోని పేరూ సరిపోలాలి కనుక, ఇంటిపేరు దగ్గర తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేసుకో.

నా దృష్టిలో అంతకన్నా గట్టి రుజువు నీ సొంత వెబ్‌సైటు. నీ ఫొటోలనూ మాటలనూ ఎవరైనా కాపీ చేయగలరు గాని, నీ సైటులో ఒక్క అక్షరం కూడా రాయలేరు. అందుచేత సైటులో నీ అసలు ఖాతాలన్నిటి లింకులూ ఉంచి, ప్రతి ఖాతాలోనూ తిరిగి సైటు లింకును ఇవ్వు. అనుమానం వచ్చినవారు అటునుంచీ ఇటునుంచీ సరిచూసుకోగలుగుతారు. మాస్టొడాన్ అనే సోషల్ మీడియా వేదిక ఇలాంటి పరస్పర లింకును తానే తనిఖీ చేసి ఆకుపచ్చ రంగులో చూపిస్తుంది, బ్లూస్కై అనే మరో వేదికలోనైతే నీ డొమైన్ పేరునే, అంటే సైటు చిరునామానే, ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు.

గుర్తింపు కార్డును నీ ఖాతా ఉన్న యాప్‌లోని సెట్టింగ్స్ ద్వారా తప్ప ఇంకే దారిలోనూ పంపవద్దు. ధ్రువీకరించకపోతే ఖాతా తీసేస్తామంటూ వచ్చే మెసేజ్‌లోని లింకును తెరవవద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే పద్ధతి, ఈరోజే పెట్టుకో, ఎందుకంటే టిక్ ఉన్న ఖాతా దొంగ చేతికి చిక్కితే నష్టం మరీ ఎక్కువ.

దగ్గరివాళ్లకు మాత్రం ఫోన్ చేసి నువ్వే చెప్పు. ఎవరైనా నీ పేరుతో డబ్బు అడిగితే, తమకు ముందే తెలిసిన నీ నంబరుకు తామే ఫోన్ చేయమను. గొంతును అనుకరించడం ఇప్పుడు సులువైపోయింది కనుక, డబ్బు అడుగుతూ తమకు వచ్చిన కాల్‌ను నమ్మవద్దని కూడా చెప్పు.

ఆ నకిలీ ఖాతా లింకును నాకు పంపించు. నేనూ మీ మామయ్యా ఈ రాత్రికే రిపోర్ట్ చేస్తాం; నువ్వు ఈలోగా సైటులో లింకులు పెట్టు.

ఇట్లు,
మీ అత్త