ప్రశ్న – జవాబు: బీటెక్ మానేసిన తరువాత ఏ డిగ్రీ?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నల్లగొండలో ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివి, ఎప్‌సెట్ ర్యాంకుతో హైదరాబాద్ శివార్లలోని ఒక కళాశాలలో బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. మొదటి సంవత్సరంలోనే ప్రోగ్రామింగ్, డ్రాయింగ్‌తో పాటు మరో రెండు పరీక్షలు తప్పాను. రెండో సంవత్సరం తరగతులకు వెళ్ళబుద్ధి కాక ఇంటికి వచ్చేశాను. కెమిస్ట్రీలో మాత్రం మంచి మార్కులు వచ్చాయి. నీటి కాఠిన్యం కొలిచే ప్రయోగం చెప్పినప్పుడు మా ఊరి బోరు నీళ్ళు సీసాలో పట్టుకుపోయి, మేడమ్‌ను అడిగి మరీ విడిగా పరీక్షించుకున్నాను. ఇప్పుడు మా నాన్న దేవరకొండలో బీకాం కంప్యూటర్స్‌లో చేరమంటున్నారు, మా మేనమామ నర్సింగ్ మేలంటున్నాడు. నాకు బీఎస్సీ మీద మనసుంది గానీ, ‘బీటెక్ చదవలేక బీఎస్సీకి వచ్చింది’ అంటారని భయంగా ఉంది. ఒక సంవత్సరం పోయిందన్న దిగులు వేరే. పైగా కళాశాలవారు మిగిలిన సంవత్సరాల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు, మర్రిగూడ మండలం

జవాబు: ముందుగా సర్టిఫికెట్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అవి చేతిలో లేకుండా తరువాతి అడుగు పడదు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను ఏ కళాశాలా తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2018లోనే స్పష్టంగా చెప్పింది. ప్రవేశ సమయంలో విద్యార్థి ఎదుటే సరిచూసుకుని, నకళ్ళు ఉంచుకుని, అసలువి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. సాంకేతిక విద్యామండలి నిబంధన కూడా ఇదే. మీరు చదివిన సంవత్సరానికి ఏమైనా బాకీ ఉంటే అది వేరే లెక్క. చదవని సంవత్సరాల ఫీజు కోసం పదో తరగతి మెమో, ఇంటర్ మెమో పట్టి ఉంచడం తప్పు. నోటిమాటగా అడగడం మానేసి, కోర్సు విరమించుకుంటున్నాననీ, సర్టిఫికెట్లూ టీసీ ఇప్పించమనీ ప్రిన్సిపాల్ పేర దరఖాస్తు రాసి, నకలు మీద కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ నకలు జతచేసి అనుబంధ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కూ, యూజీసీ ఆన్‌లైన్ ఫిర్యాదుల విభాగానికీ పంపండి. ముద్ర పడిన కాగితం ఉన్న విద్యార్థితో కార్యాలయాలు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ఫీజు వాపసు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ప్రవేశాల గడువు ముగిసి 30 రోజులు దాటిన తరువాత మానేసినవారికి యూజీసీ నియమాల ప్రకారం ఏమీ తిరిగి రాదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. చదువు మధ్యలో ఆపి వచ్చినవారు రెండోసారి ఎంచుకునేటప్పుడు, వదిలి వచ్చిన దానికి ఏది దూరంగా కనిపిస్తే దాన్ని, లేదా ఏది సులువని నలుగురూ అంటే దాన్ని పట్టుకోవడం నేను ఎక్కువగా చూస్తున్నాను. అది ఆ పూటకు ఊరటనిస్తుంది గానీ మూడేళ్ళ చదువును మోయదు. మీ విషయంలో ఎంపికకు పనికివచ్చే ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. ఎవరూ చెప్పకుండా, మార్కులు రావని తెలిసి కూడా, ఊరి నీళ్ళు సీసాలో పట్టుకుని ల్యాబుకు వెళ్ళారు. ఇష్టం అంటే ఏమిటని అడిగేవారికి నేను ఇటువంటి పనినే చూపిస్తాను.

ఆ ప్రయోగాన్ని కొంచెం ముందుకు తీసుకుపోనివ్వండి. శాంకవ కుప్పెలోని ద్రాక్షరంగు నీళ్ళలోకి బ్యూరెట్ నుంచి ఈడీటీఏ అనే రసాయన ద్రావణం ఒక్కొక్క చుక్కా పడుతూ, చివరి చుక్కతో నీలంగా మారినప్పుడు మీరు కొలిచినది కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ప్రజల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ ఆ ప్రయోగంలో కనిపించదు. దానికి వేరే ఎలక్ట్రోడ్, వేరే పద్ధతి కావాలి. అంతేకాదు, కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకు దిగిపోతుంది కాబట్టి, కాఠిన్యం తక్కువగా ఉండి తాగడానికి హాయిగా అనిపించే నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంటుంది. మన దగ్గరి గ్రానైట్ రాళ్ళలోని ఖనిజాల నుంచి అది బోరు నీటిలోకి వస్తుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారు. ఈ పేరా చదువుతుంటే మీకు ఇంకా తెలుసుకోవాలనిపిస్తే, మీ చదువు కెమిస్ట్రీ వైపు ఉంది. విసుగనిపిస్తే ఆ మాట మీకు మీరు నిజాయితీగా చెప్పుకోండి; అప్పుడు నా సలహా కూడా మారుతుంది.

పెద్దవాళ్ళు చెప్పిన రెండు దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో జీవశాస్త్రం చదివి ఉండాలి. మీరు ఎంపీసీ కనుక ఆ దారి నేరుగా లేదు. బీకాం కంప్యూటర్స్ మంచి కోర్సే, కాని అందులో అకౌంట్స్‌తో పాటు ప్రోగ్రామింగ్, డేటాబేస్ పేపర్లు కూడా ఉంటాయి. మీరు ఏ సబ్జెక్టు వల్ల బయటికి వచ్చారో అదే మళ్ళీ ఎదురవుతుందన్న సంగతి మీ నాన్నగారికి తెలిసి ఉండకపోవచ్చు. సిలబస్ కాగితం ఆయన ముందు పెట్టి చూపించండి; ఆయన కోరుకుంటున్నది మీరు దగ్గరలో ఉండి, నిలకడగా చదువుకోవడం కావచ్చు. ఆ కోరిక నల్లగొండలో బీఎస్సీ చదివినా తీరుతుంది.

ఎంపీసీ చదివినవారు బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తీసుకోవచ్చు. జియాలజీ ఉన్న గ్రూపులో కూడా చేరవచ్చు, కాని ఆ సబ్జెక్టు అన్ని కళాశాలల్లో ఉండదు కాబట్టి హైదరాబాద్‌కు వెళ్ళవలసి రావచ్చు. నీటి మీదే మీ మనసుంటే ఈ రెంటి మధ్య నిర్ణయం ముఖ్యమైనది: నీటిలో ఏముందో తేల్చేది కెమిస్ట్రీ, ఆ నీరు ఏ రాతి పొరలో నుంచి ఎలా వచ్చిందో చెప్పేది జియాలజీ. డిగ్రీ తరువాత దారులు కూడా ఇక్కడే చీలుతాయి. యూపీఎస్సీ నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్షలో కెమిస్ట్ ఉద్యోగానికి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, భూగర్భ జల శాస్త్రవేత్త ఉద్యోగానికి జియాలజీ వంటి విషయాల్లో పీజీ కావాలి. కెమిస్ట్రీతో మరికొన్ని తలుపులు దగ్గరలోనే ఉన్నాయి. చౌటుప్పల్ వైపునా, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోనూ ఉన్న మందుల పరిశ్రమలు నాణ్యత పరీక్షల విభాగాల్లో కెమిస్ట్రీ చదివినవారిని తీసుకుంటాయి. ఎడ్‌సెట్ రాసి రెండేళ్ళ బీఈడీ చేస్తే ఫిజికల్ సైన్స్ టీచరు కావచ్చు. ఎమ్మెస్సీ చేయదలిస్తే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో నల్లగొండలోనే చదువుకోవచ్చు. హైదరాబాద్ హాస్టల్ జీవితం మీకు భారమైందా, చదువు మాత్రమే భారమైందా అన్నది మీ ఉత్తరంలో తెలియలేదు. చదువు మాత్రమే అయితే జియాలజీని తీసిపారేయవద్దు, హాస్టలే కష్టమై ఉంటే నల్లగొండలో కెమిస్ట్రీ మీకు సరైనది.

చేరకముందు ఒక పని తప్పకుండా చేయండి. నల్లగొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాలకు వెళ్ళి మూడో సంవత్సరం బీఎస్సీ విద్యార్థులతో మాట్లాడండి. వారి ప్రాక్టికల్ రికార్డులు తిప్పి చూడండి, చివరి రెండు సెమిస్టర్ల పాత ప్రశ్నపత్రాలు అడిగి తెచ్చుకోండి, అధ్యాపకుల అనుమతితో ఒక తరగతిలో కూర్చోండి. మొదటి సెమిస్టర్ సిలబస్ ఇంటర్‌కు దగ్గరగా ఉండి ఎవరికైనా నచ్చుతుంది. కోర్సు మనది అవునో కాదో చివరి సంవత్సరం పాఠాలు చెబుతాయి. బీఎస్సీ సులువు కాదు. ఫిజిక్స్, మ్యాథ్స్ పేపర్లు కూడా దాటాలి, గంటల తరబడి ల్యాబులో నిలబడాలి. మీరు తప్పిన మిగతా రెండు పరీక్షలు ఏవో రాయలేదు. అవి మ్యాథ్స్, ఫిజిక్స్ అయితే ఈ వేసవిలోనే తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు మళ్ళీ తీసి మొదటి నుంచి చదవండి.

ప్రవేశం దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల విధానం ద్వారా జరుగుతుంది. ఇంటర్ మార్కులే ఆధారం కాబట్టి బీటెక్‌లో తప్పిన పరీక్షలు దానికి అడ్డం కావు. వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కళాశాల పేరు కన్నా సబ్జెక్టుల కలయికను చూసి వరుస పెట్టుకోండి. కెమిస్ట్రీ లేని గ్రూపును ‘ఉండనీ’ అని చివర కూడా చేర్చవద్దు, ఎందుకంటే ఒక్కోసారి సీటు దానిలోనే వస్తుంది. బీటెక్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుని ఉంటే, అదే స్థాయిలో మరో కోర్సుకు అది వర్తిస్తుందా అన్నది జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. రాకపోయినా కట్టుకోగలిగే ప్రభుత్వ కళాశాలను మొదటి ఆప్షన్‌గా పెట్టుకోవడం క్షేమం.

సంవత్సరం పోయిందన్న దిగులు గురించి: మీకు ఇప్పుడు 19 ఏళ్ళు అనుకుంటే, డిగ్రీ, పీజీ పూర్తయ్యేసరికి 24 వస్తాయి. నేను పైన చెప్పిన ఉద్యోగాలకు వయసు దాటిపోదు. ఎవరో ఏదో అంటారన్న భయం నాకు అర్థమవుతుంది. ఊళ్ళో ఆ మాటలు అనేవారు ఉంటారు, కొంతకాలం వినవలసి వస్తుంది. కాని తప్పిన పరీక్షలు మీద మీద పేరుకుపోతుండగా పరువు కోసం నాలుగేళ్ళు అక్కడే గడిపి, చివరకు డిగ్రీ లేకుండా వచ్చిన పిల్లలు నాకు తెలుసు. మీరు మొదటి ఏడాది తరువాతే ఆగి, ఇంట్లో చెప్పి, సలహా అడిగారు. అందుకు మీరు తలవంచుకోనక్కరలేదు.

ప్రశ్న: మాది వనపర్తి. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం మధ్యలో మానేశాడు. బీఏలో చేరి గ్రూప్స్‌కు తయారవుతానంటున్నాడు. ఇంజనీరింగ్ నుంచి బీఏకు రావడం వెనకడుగు కాదా? దూరవిద్యలో డిగ్రీ కట్టించి కోచింగ్‌కు పంపమని కొందరు అంటున్నారు.
— ఒక తండ్రి

జవాబు: బీఏ వెనకడుగు కాదు. గ్రూప్‌-2లోని చాలా పోస్టులకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. 600 మార్కుల ఆ పరీక్షలో చరిత్ర, రాజ్యాంగం, సమాజం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం ప్రధాన విషయాలు. వాటినే మూడేళ్ళు తరగతి గదిలో చదువుకునే బీఏ విద్యార్థికి మేలు జరుగుతుంది. నా ఆందోళన వేరే చోట ఉంది. మీ అబ్బాయికి చరిత్ర, ఆర్థిక శాస్త్రం ఇష్టమా, లేక ప్రభుత్వ ఉద్యోగం అన్న మాట ఇష్టమా? గ్రూప్స్ నోటిఫికేషన్లు ఏటా రావు, వచ్చినా పోస్టులు కొన్నే. ఆ ఉద్యోగం రాకపోతే ఈ డిగ్రీతో ఏం చేస్తావని అడగండి. బీఈడీ చేసి సోషల్ టీచరు అవుతాననో, లాసెట్ రాసి మూడేళ్ళ లా చదువుతాననో, ఎంఏ ఎకనామిక్స్ చేస్తాననో తడుముకోకుండా చెబితే ధైర్యంగా చేర్పించండి. జవాబు రాకపోతే కసురుకోవద్దు, దోస్త్ గడువు లోపల ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వండి.

దూరవిద్య గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉద్యోగాలు చేసుకునేవారికి, పెళ్ళై చదువు ఆగిపోయిన ఆడవారికి ఎంతో మేలు చేసింది, ఆ డిగ్రీకి విలువ ఉంది. కాని ఒకసారి చదువు మధ్యలో తెగిపోయిన 20 ఏళ్ళ కుర్రవాడికి ఇప్పుడు కావలసినది ఉదయం లేచి వెళ్ళే ఒక తరగతి, పేరు పెట్టి పిలిచే అధ్యాపకులు, కలిసి చదివే తోటివారు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదిలో ఒంటరిగా కోచింగ్ పుస్తకాలు చదివే జీవితం డిగ్రీ తరువాత చూసుకోవచ్చు. వనపర్తిలోనో, మహబూబ్‌నగర్‌లోనో పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రెగ్యులర్ బీఏలో చేర్పించండి. ఎకనామిక్స్ ఉన్న గ్రూపు దొరికితే దానినే ముందు చూడండి. ఏడాదికి పైగా ఇంజనీరింగ్ గణితం చూసిన పిల్లవాడికి అందులోని గ్రాఫులు, లెక్కలు కొత్తగా అనిపించవు.